సిడ్నీ బీచ్‌లలో సొర వలలు: పిల్లల దగ్గరికి వెళ్లే గుంటూరు వారి కోసం ఒక సమీక్ష

గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియానికి ఉదయం నడకకు వచ్చేవారిలో, సిడ్నీలోనో బ్రిస్బేన్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువేమీ కాదు. దసరా దాటితే చాలు, ప్రయాణాల మాటలు మొదలవుతాయి. మన చలికాలం అక్కడ వేసవి కనుక, వెళ్లినవారిని పిల్లలు మొదట తీసుకువెళ్లేది బీచ్‌కే. "అక్కడ సొరచేపలు మనుషుల్ని పట్టేస్తాయటగదా" అని ఒకరు అడిగితే, "వలలు కట్టారండీ, ఏం పర్లేదు" అని అప్పటికే వెళ్లివచ్చినవారు చెబుతారు. ఆ మాట అలా ఒకరి నుంచి ఒకరికి చేరుతూనే ఉంటుంది. సిడ్నీ ఉన్న న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం ప్రజాధనంతో నడుపుతున్న ఆ వలల ఏర్పాటును ఒక సేవగా తీసుకుని, అది చేస్తానన్న పని ఎంతవరకు చేస్తోంది, దాని ఖరీదు సముద్రంలో ఎవరు చెల్లిస్తున్నారు అన్న రెండు విషయాలను పరిశీలించి ఈ సమీక్ష రాస్తున్నాను.

మాన్లీ బీచ్‌లో మా అల్లుడు కూడా "ఇక్కడ నెట్స్ ఉన్నాయి మామయ్యగారూ, ధైర్యంగా దిగండి" అనే అన్నాడు. ఒడ్డున నిలబడి ఎంతసేపు చూసినా వల కనిపించదు. కనిపించకపోవడంలో వింతేమీ లేదు, ఎందుకంటే ఆ వల పొడవు 150 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు మాత్రమే, దాన్ని తీరానికి అర కిలోమీటరు లోపల, సుమారు పది పన్నెండు మీటర్ల లోతున్న చోట నీటి అడుగున వేలాడదీస్తారు. బీచ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అది ఉండదు. వల పైనా నీరే, రెండు పక్కలా నీరే. పొలం మధ్యలో గోడలు కట్టకుండా తలుపు ఒక్కటే బిగించినట్టుగా ఉంటుంది ఆ ఏర్పాటు. సొర దాని మీదుగా రావచ్చు, పక్క నుంచి చుట్టి రావచ్చు, వచ్చిన దారినే తిరిగి పోనూవచ్చు. వలల్లో చిక్కే సొరల్లో దాదాపు పదింట నాలుగు, ఒడ్డు వైపు నుంచి లోతుకు తిరిగిపోతూ చిక్కినవేనని అక్కడ చాలాకాలంగా చెబుతున్నారు. అంటే అవి అప్పటికే ఈతగాళ్లున్న నీటిలోకి వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోతున్నవి.

కనుక ఈ సేవ గురించి మొదట గ్రహించవలసినది, అది జనానికీ సొరలకూ మధ్య కట్టిన అడ్డుకట్ట కాదన్నదే. అది చేపల వల. తీరం దగ్గర తిరిగే పెద్ద సొరల్ని పట్టి చంపి, వాటి సంఖ్యను తగ్గిస్తే మనుషులకు ఎదురుపడే అవకాశం కూడా తగ్గుతుందన్న లెక్కతో 1937లో ఈ పథకం మొదలైంది. న్యూకాజిల్ నుంచి వులంగాంగ్ దాకా 51 బీచ్‌లలో నేటికీ అదే పద్ధతి నడుస్తోంది. గ్రేట్ వైట్, టైగర్, బుల్ అనే మూడు రకాల సొరలే దాని గురి. సెప్టెంబరులో వలలు దింపి, వేసవి గడిచాక తీసేస్తారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే నెలలన్నీ అందులోనే పడతాయి.

వల ఎలా చంపుతుందో తెలుసుకోవడానికి సిడ్నీ దాకా పోనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీకి దిగువన, సీతానగరం వైపు కృష్ణలో వలలు వేసేవారి దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. రాత్రి కట్టిన వలను పొద్దున్నే లాగుతున్న ఒక పెద్దాయన, చేతికొచ్చిన జిలేబి చేపను విడదీసే ముందు నాకు చూపించారు. సన్నటి నైలాన్ దారం మొప్ప రేకు కిందికి దూరి, మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది. ముందుకు పోదామంటే పొట్ట లావు అడ్డం, వెనక్కి వద్దామంటే మొప్ప రేకూ వీపు ముళ్లూ అడ్డం. చేప ఎంత కొట్టుకుంటే దారం అంత లోతుకు దిగుతుంది. సిడ్నీలో వేసే వల కూడా పని చేసేది ఇలాగే. తేడా అంతా కన్ను పరిమాణంలోనే ఉంది: ఇక్కడి వల కన్నులో రెండు మూడు వేళ్లు పడతాయి, అక్కడి కన్ను 60 సెంటీమీటర్లు, అంటే మూర దాటి ఉంటుంది. ఆ వలను గుత్తేదారు పడవలో వచ్చి 72 గంటలకు ఒకసారి చూసుకుంటే చాలన్నది అక్కడి నిబంధన అని నేను చెప్పినప్పుడు ఆ పెద్దాయన దారం వదిలేసి నా వైపు తిరిగారు. "మూడు రోజులాండీ? మేం రాత్రి ఏసిన వల తెల్లారేసరికి తియ్యాల్సిందేనండి. ఆలీసమైతే చచ్చిన చేప ఉబ్బిపోద్ది, దాన్ని తాబేళ్లు పీక్కుతింటా వల చింపేస్తయ్యి. మూడు రోజులు నీళ్లలో వదిలేసినోడు చేపలు పట్టేవోడు కాదండి" అన్నారు.

ఆయన మాటలో ఉన్న అభ్యంతరమే ఈ పథకం మీద నాకున్న అసలు అభ్యంతరం. చేపలు పట్టేవాడికి వలలో పడ్డది ఏమిటన్న ఆరా ఉంటుంది, ఎందుకంటే అది అతని కూడు. సిడ్నీ వలలో ఏది పడినా అడిగేవాడు లేడు. మూడు రోజులకొకసారి చూసే వలలో చిక్కిన ప్రాణి బతికి ఉండాలంటే, పడవ వచ్చే ముందు కొద్ది గంటల్లోనే చిక్కి ఉండాలి. డాల్ఫిన్లు, తాబేళ్లు, తిమింగలాలు పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిన జీవులు. విశ్రాంతిగా ఉన్న తాబేలు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు గాని, వలలో పెనుగులాడే తాబేలుకు ఆ వ్యవధి దక్కదు. డాల్ఫిన్‌కు నిమిషాలే మిగులుతాయి. సొరల్లోనూ గ్రేట్ వైట్, సుత్తితల సొర వంటివి ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు పారుతుంది. వాటిని కదలకుండా పట్టి ఉంచడమంటే ఊపిరి ఆపడమే.

ఈ పథకం లెక్కల్ని ప్రభుత్వమే ఏటా ప్రకటిస్తుంది, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. 2023-24 సీజన్‌లో వలల్లో 255 జీవులు చిక్కాయి. వాటిలో గురిపెట్టిన మూడు రకాల సొరలు 15. మిగిలినవన్నీ ఎవరికీ హాని తలపెట్టని టేకు చేపలు, సుత్తితల సొరలు, తాబేళ్లు, డాల్ఫిన్ల వంటివే, వాటిలో సగానికి పైగా చనిపోయాయి. ఆ ఒక్క ఏడాదే కాదు, వెనకటి సీజన్ల లెక్కలు తీసినా పదింట తొమ్మిది చొప్పున గురి తప్పినవే కనిపిస్తాయి. తాను చేస్తానన్న పని పదిసార్లలో ఒక్కసారి చేసి, మిగతా తొమ్మిది సార్లు సంబంధం లేనివారిని దెబ్బతీసే సేవను మన ఊళ్లో ఎవరైనా డబ్బిచ్చి పెట్టుకుంటారా?

ఆ చనిపోయేవాటిలో గ్రే నర్స్ సొర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నోరు మూసినా బయటికి పొడుచుకు వచ్చే పళ్ల వరుసల వల్ల అది చూడటానికి భయంకరంగా ఉంటుంది గాని, తినేది చేపల్నే. నీటి అడుగున రాతి గుహల దగ్గర నెమ్మదిగా తిరుగుతుంటుంది. ఆ రూపం చూసే 1950, 60 దశకాల్లో ఈటెలతో వేటాడేవారు దాన్ని గుంపులు గుంపులుగా చంపేశారు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో అది కనుమరుగయ్యే స్థితికి వచ్చాక, 1984లో న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం దాన్ని చంపకూడదని చట్టం చేసింది. సొర జాతిలో ఒకదానికి చట్టరక్షణ దొరకడం ప్రపంచంలో అదే మొదటిసారి. దాని సంతానం పెరిగే తీరు అతి నిదానం. తల్లి గర్భంలోనే ముందు ఎదిగిన పిల్ల మిగతా పిండాల్ని తినేస్తుంది, అందువల్ల రెండు గర్భకోశాల నుంచి ఒక్కొక్కటి చొప్పున రెండే పిల్లలు పుడతాయి, అదీ రెండేళ్లకు ఒకసారి. ఇలాంటి జాతిలో ఒక పెద్ద ఆడసొర వలలో చనిపోతే, ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. చట్టం చేసి దాన్ని కాపాడుతున్న ప్రభుత్వమే తాను దింపిన వలలో దాన్ని చంపుతోంది. ఈ వైరుధ్యం నన్ను చాలా బాధించింది.

బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ 1962 నుంచి వలలూ, ఎర కట్టిన గాలాలూ వాడుతున్నారు, గోల్డ్‌కోస్ట్ వైపు వలలు ఏడాది పొడుగునా నీటిలోనే ఉంటాయి. దక్షిణ ధ్రువ సముద్రం నుంచి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఉత్తరానికి వెళ్లి, పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చే నెలల్లో కూడా వాటిని తీయరు. అందుకే దాదాపు ప్రతి ఏడూ అక్కడ తిమింగలాలు చిక్కుకోవడం, పడవల్లో వెళ్లి తాళ్లు కోసి విడిపించడం జరుగుతూనే ఉంటుంది. సముద్రపు గడ్డి మేసే డ్యూగాంగ్‌లు ఆ పథకపు తొలి దశాబ్దాల్లో వందల సంఖ్యలో చనిపోయాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 1952 నుంచి ఇవే వలలున్నాయి. మనవాళ్ల కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరు అది. అక్కడ అంతరించే ప్రమాదంలో ఉన్న ఒక రకం హంప్‌బ్యాక్ డాల్ఫిన్లకు వలలే పెద్ద గండంగా మారాయి. ఇప్పుడు కొన్ని వలల స్థానంలో గాలాలు పెట్టి నష్టం తగ్గించుకుంటున్నారు.

వలలు ఉండాలనేవారి వాదాన్ని తేలిగ్గా తీసిపారేయను. 1937కు ముందు సిడ్నీ తీరంలో సొరల దాడులకు మనుషులు చనిపోవడం తరచుగా జరిగేది. వలలు వేశాక ఆ బీచ్‌లలో ప్రాణం పోయిన సంఘటన 1951లో న్యూకాజిల్‌లోని మెర్‌వెదర్ బీచ్‌లో ఒకటి జరిగి, ఆ తరువాత దశాబ్దాల పాటు మళ్లీ జరగలేదు. 2025 సెప్టెంబరులో సిడ్నీ ఉత్తర తీరంలోని లాంగ్ రీఫ్ దగ్గర సర్ఫింగ్ చేస్తున్న ఒక మనిషిని పెద్ద సొర చంపింది. మూడు బీచ్‌లలో వలలు తీసి చూద్దామని అప్పటికే అనుకున్న ప్రభుత్వం ఆ దుర్ఘటన తరువాత ఆ ఆలోచన మానుకుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి డాల్ఫిన్ల లెక్క చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. అయితే మరణాలు తగ్గడానికి వలలే కారణమని తేల్చడం అంత సులువు కాదు. ఒడ్డున కాపలా ఈతగాళ్ల వ్యవస్థ పెరిగింది, రక్తస్రావాన్ని ఆపే వైద్యం, క్షణాల్లో ఆసుపత్రికి చేర్చే ఏర్పాట్లు వచ్చాయి. ఇటీవలి దశాబ్దాల లెక్కల్ని పోల్చిన పరిశోధకులకు వల ఉన్న బీచ్‌కూ లేని బీచ్‌కూ మధ్య సొర కాట్లలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. భయం నిజమైనది కనుకనే దానికి ఇచ్చే మందు కూడా నిజంగా పని చేసేదై ఉండాలి.

అలా పని చేసే వల కూడా అదే సిడ్నీలో ఉంది, చాలామంది దాన్ని దాటి సముద్రం వైపు వెళ్లిపోతారు. హార్బర్ లోపలి నీటిలో, బాల్మోరల్ వంటి చోట్ల, ఈతకు వదిలిన స్థలం చుట్టూ నీటి పైనుంచి అడుగు దాకా చిన్న కన్నుల వల కట్టారు. మెడ దూర్చేంత సందు లేదు కాబట్టి పెద్ద జీవి ఏదీ అందులో చిక్కదు, తగిలి పక్కకు పోతుంది. లోపల పసిపిల్లలు, నాలాంటి పెద్దవాళ్లు నిశ్చింతగా నీళ్లలో నిలబడవచ్చు. ఆ వల దారాలకు నాచూ, సముద్రపు మొలకలూ పట్టి పచ్చగా, గరుకుగా తయారవుతాయి. వైట్స్ సీహార్స్ అనే చిన్న గుర్రపుముఖం చేప తోకతో ఆ దారాన్నే చుట్టుకుని బతుకుతుంది. అది అక్కడే ఉండే, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. దానికి సహజమైన నెలవులు నగరం పెరుగుదలతో పోగా, హార్బర్‌లోని ఈత వలలే ఇప్పుడు దాని ఇళ్లలో ఒకటయ్యాయి. అందువల్ల వాటిని శుభ్రం చేసేటప్పుడు కూడా ఆ చేపల్ని జాగ్రత్తగా తప్పించాల్సి ఉంటుంది. మనిషిని కాపాడే వల ఒక జీవికి ఆశ్రయమై నిలవడం కళ్లారా చూశాక, బీచ్ ఎదుట మునిగి ఉన్న ఆ రెండో రకం వలను సమర్థించడానికి నాకు మనసు రావడం లేదు.

ఇలాంటి చుట్టుకట్టు వలలు పెద్ద అలలున్న చోట నిలబడవు, అది వాటి పరిమితి. హాంకాంగ్‌లో 1990ల నుంచి ప్రభుత్వ బీచ్‌లకు ఇవే ఉన్నాయి, ఎందుకంటే అక్కడి నీళ్లు శాంతంగా ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర ఫిష్ హూక్ బీచ్‌లో అలాంటి వలనే పొద్దున వేసి సాయంత్రం తీసేస్తారు. అక్కడే 2004 నుంచి కొండ మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ సొర కనబడగానే కింద ఉన్నవారికి కబురు చేసే కాపలాదారుల వ్యవస్థ నడుస్తోంది. నీళ్లు తేటగా ఉండి ఏమీ కనబడకపోతే ఆకుపచ్చ జెండా, నీళ్లు మసకగా ఉంటే నల్ల జెండా, సొర వస్తే సైరన్. ఇందులో ఎవరి ప్రాణానికీ హాని లేదు. అలలు ఎక్కువగా ఉండే సిడ్నీ బీచ్‌లలో కూడా ఇప్పుడు డ్రోన్లు ఎగురుతున్నాయి. ఒంటికి గుర్తింపు పరికరం అమర్చిన సొర దగ్గరికి వస్తే ఫోన్లకు హెచ్చరిక పంపే కేంద్రాలు నీటిలో ఉన్నాయి. గాలానికి ఏదైనా తగలగానే గుత్తేదారుకు సంకేతం అంది, అరగంట లోపల పడవ వచ్చి, సొరకు గుర్తు కట్టి దూరంగా వదిలేసే కొత్త రకం గాలాలు రాష్ట్రమంతా కలిపి మూడు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో చిక్కినవి దాదాపుగా అన్నీ ప్రాణాలతో తిరిగి వెళుతున్నాయి. ఇంత మంచి ఏర్పాటు చేసుకున్నవారు, పక్కనే 1937 నాటి వలను ఎందుకు దింపుతున్నారో నాకు అంతుపట్టదు.

ఈ సమీక్షకు మన తీరంతో కూడా సంబంధం ఉంది. కార్తీక మాసంలో సూర్యలంకలో స్నానాలకు దిగినవారిని అలలు లాక్కుపోయినప్పుడల్లా, మన నడక బృందంలో ఎవరో ఒకరు "ఆస్ట్రేలియాలో లాగా వలలు కడితే పోలా" అంటారు. మన బీచ్‌లలో ప్రాణాలు తీస్తున్నది సొరలు కావు, ఒడ్డు నుంచి లోతుకు లాగే నీటి ఉరవడి. వల దాన్ని ఆపదు. సూర్యలంకకు కావలసింది జీతమిచ్చి నియమించిన గజ ఈతగాళ్లు, ఎక్కడ దిగవచ్చో చెప్పే జెండాలు, మైకు, ఒడ్డునే ప్రథమచికిత్స. పైగా మన తీరానికి వలల గొడవ ఇప్పటికే చాలా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ నెలల్లోనే ట్రాలర్ల వలల్లో ఊపిరాడక చనిపోయిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. సూర్యలంకకు కాస్త దూరంలో ఇసుక మీద నేను చూసిన ఒక తాబేలుకు డిప్ప మీద ఒక్క దెబ్బ కూడా లేదు. మెడ ఉబ్బి ఉంది, ముందు రెక్కకు నైలాన్ దారం నాలుగు చుట్లు తిరిగి చర్మంలోకి దిగిపోయింది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, కాని అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం చాలావరకు గడిచిపోతుంది. ట్రాల్ వలలో తాబేలు జారి బయటపడేందుకు వీలుగా అమర్చే చట్రాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు తగినట్టు ఎప్పుడో తయారు చేసింది. దాన్ని ప్రతి పడవకూ బిగించేలా చూడటమే మన పని. కొత్తగా ఇంకో వలను సముద్రంలోకి దించాలన్న మాట గుంటూరులో ఎవరి నోటా రాకూడదని నా విన్నపం.

ఇక ఈ ఏడాది సిడ్నీ వెళ్లేవారికి నేను చెప్పేది ఇది. బీచ్‌లో వల ఉందా లేదా అని అడగకండి, ఆ జవాబు మీకు ఉపయోగపడదు. ఎరుపూ పసుపూ కలిసిన రెండు జెండాల మధ్య మాత్రమే దిగండి, కాపలా ఈతగాళ్ల కళ్లు ఉండేది ఆ మేరకే. తెల్లవారకముందు, చీకటి పడ్డాక, వానలకు నదుల నీరు కలిసి సముద్రం బురదగా ఉన్నప్పుడు దిగవద్దు, బుల్ సొరలు అలాంటి నీటినే ఇష్టపడతాయి. సొరల హెచ్చరికలు చూపే ప్రభుత్వ యాప్ ఒకటుంది, అమ్మాయినో అబ్బాయినో మీ ఫోన్‌లో వేయమనండి. మోకాళ్ల నొప్పులున్నవారికీ, మనవళ్లను ఎత్తుకుని దిగేవారికీ మాన్లీ పక్కన ఫెయిరీ బోవర్‌లోనూ, డీ వై బీచ్ చివరా రాళ్ల మధ్య కట్టిన సముద్రపు నీటి కొలనులున్నాయి. అల పైకి వచ్చి నీటిని నింపి పోతుంది, గట్టు పట్టుకుని కూర్చోవచ్చు, రుసుము కూడా లేదు.